కుట్టని రవికలు

ప్రసవమైన ఇరవయ్యో రోజున సబీనా పెనుకొండలో తన టైలరు షాపు మళ్లీ తెరిచింది. మధ్యాహ్నానికి రుక్మిణమ్మ వచ్చి, కాన్పుకు ముందు కుట్టమని ఇచ్చిన రవిక గుడ్డలు తిరిగి ఇమ్మంది.

"యాటికమ్మా? రేపటికి కుట్టి ఇస్తా కదా."

"పచ్చి బాలింతవి. మూడు నెలలు మిషను తొక్కొద్దు పాపా. ఇంకో టైలరుకు ఇచ్చుకుంటాలే."

పొద్దుటి నుంచి వచ్చిన ముగ్గురూ ఇదే మాట చెప్పి గుడ్డలు పట్టుకుపోయారు. సబీనా గుడ్డల సంచి అందించింది గానీ చేతిలోంచి వదల్లేదు.

"మా పక్కింటి టీచరమ్మ ఆరు నెలలు సెలవు పెట్టింది. ఆమె కుర్చీ ఆమెకే ఉండాది. నేను మూడు నెలలు మూస్తే, మళ్లీ తెరిచినప్పుడు ఎవరొస్తారమ్మా?"

తను జాలిపడి చేస్తున్న పని ఏమిటో రుక్మిణమ్మకు అప్పుడు తెలిసింది. సంచిని మిషను పక్కన పెట్టేసింది.

"మూడు నెలలైనాకే కుట్టు. అంతవరకూ పాతవే తొడుక్కుంటా. ఎవరికీ ఇయ్యను."

ఆమె వెళ్లాక సబీనా షట్టరు సగం దించి, బిడ్డను పక్కలో వేసుకుని చాప మీద నడుము వాల్చింది. కళ్లు మూసుకున్నా, ఎవరైనా పిలుస్తారేమోనని చెవి మాత్రం బయటికే ఉంచింది.

ఆ పూట ఇంకెవరూ రాలేదు.