సింకు పక్క కరివేపాకు

మా కాలనీలో మొక్కల కుండీలన్నీ ఎండ ఎటు జరిగితే అటు చక్రాల మీద నడుస్తాయి. మా కరివేపాకు కుండీ కూడా తెల్లారగానే బాల్కనీకి బయలుదేరుతుంది. వదిన మంగతాయారు దాన్ని రోజూ లాక్కొచ్చి వంటగది సింకు పక్కన పెడుతుంది.

"అక్కడ వెలుతురు చాలదండీ," అంది మా ఇల్లు, గోడలోంచి. "ఇంకోసారి అక్కడ కనిపిస్తే కాలనీవాళ్లు మొక్కను పట్టుకెళ్లిపోతారు."

"రమ్మను," అంది వదిన. "ముందు నన్ను మోసుకెళ్లమను. వెలుతురు కొలిచావు సరే, బియ్యం కడిగిన నీళ్లు దీనికెవరు పోస్తారు? నువ్వా?"

"బాల్కనీలో కుళాయి ఉందండీ."

"కుళాయిలో కడుగు వస్తుందటే? వండేదాని చేతికి అందితేనే కరివేపాకు. అందకపోతే అడవి."

"వాదన ఎందుకు వదినా, అది మళ్లీ పోతోంది చూడు," అన్నాను. కుండీ అప్పటికే గడప దగ్గరుంది.

వదిన కుండీని పక్కకు వాల్చి, స్క్రూడ్రైవర్‌తో నాలుగు చక్రాలూ ఊడదీసింది. తర్వాత దాన్ని ఎత్తుకొచ్చి సింకు పక్కన కుదేసింది.

చక్రాలు మాత్రం ఆగలేదు. నేల మీద దొర్లుకుంటూ బాల్కనీలోకి పోయి, ఎండలో వరసగా నిలబడ్డాయి.

"చూశావా, ఎండ కావాల్సింది వాటికే," అంటూ వదిన గిన్నె వంచి కడుగంతా మొక్క మొదట్లో పోసింది.