లూసీల్ రాస్తోంది

అక్టోబరులో ఒక మంగళవారం పొద్దున మా చెల్లెలు లూసీల్ చనిపోయింది. కొన్నాళ్ళు సెలవు పెట్టి, మళ్ళీ బడికి వెళ్ళి పాఠాలు చెప్పాను. మా కవుల బృందానికి మాత్రం ఆ సంగతి చెప్పలేకపోయాను. అందులో లూసీల్, నేను తప్ప ఎవరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. ఏటా అక్టోబరు ఆఖరి రోజున వచ్చే దెయ్యాల పండుగ హాలోవీన్‌కు ఇంటర్నెట్‌లో దెయ్యాల కవితలు పెట్టి, ఒకరినొకరు ఏడిపించుకుంటాం. అందరికంటే ఘాటుగా తిట్టేది లూసీలే.

హాలోవీన్ రాత్రి, మిఠాయిల కోసం వచ్చిన పిల్లలు వెళ్ళిపోయాక, వాకిట్లో గుమ్మడికాయ దీపం ఆర్పి, ఇక చెబుదామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా బృందంలోని ఎల్డన్ అప్పుడే కవిత పెట్టాడు.

“ఏమ్మా లూసీల్, నా దెయ్యానికి ఈసారి తిట్లు లేవా?”

“మా చెల్లెలు” అని మొదలుపెట్టాను. అంతలో అతని కవిత కింద, ఎవరైనా జవాబు టైపు చేస్తుంటే కనిపించే చోట, “లూసీల్ రాస్తోంది” అని కనిపించింది.

ఆమె రాసేది తన ఫోనులోనే. దాన్ని ఆపేసి బీరువాలో పెట్టింది నేనే. లేచి వెళ్ళి చూశాను. చల్లగా, వెలుగు లేకుండా అలాగే ఉంది. తిరిగి వచ్చేసరికి తెరమీద ఆ మాట ఇంకా ఉంది.

“హమ్మయ్య, వచ్చావా!” అన్నాడు ఎల్డన్.

“కత్తి నూరుకుంటోందయ్యా, కాచుకో,” అంది బృందంలోని ప్రూడెన్స్.

“నూరుకోనీ. నెలంతా ఈ తిట్ల కోసమే కూర్చున్నా.”

తెల్లవారేదాకా లూసీల్ రాస్తూనే ఉంది. ఒక్క అక్షరమూ రాలేదు. చెబితే ఆ మాట కూడా పోతుందేమోనని నేను రాసింది చెరిపేశాను.

ఆమె లేదని వాళ్ళకు ఇంకా చెప్పలేదు.