పాత పుస్తకాలు, జాగ్రత్త

"వీటిని పాత పేపర్ల వాడికి వేసేద్దామా అండీ?"

భార్య అడిగిన ప్రశ్నకు మన అకౌంటెంటు గుండె గుభేలుమంది. ఆమె వేలు అప్పుడే అటక మీద నుంచి దింపిన మూడు అట్టపెట్టెల వైపు ఉంది. ఒక్కోదాని మీదా నల్లటి స్కెచ్ పెన్నుతో అతని చేతిరాత: ‘పాత పుస్తకాలు - అకౌంటెన్సీ’.

"అమ్మో, వద్దు! అది నా చదువు."

"చదివేసిన చదువేగా. కొత్తింట్లో చోటెక్కడుంది?"

"ఎప్పుడేం అవసరమొస్తుందో!"

ఆమె కొత్త చెప్పుల డబ్బాలోంచి తేమ పీల్చే తెల్ల పొట్లం తీసి, తన స్టీలు డబ్బాలో వేసుకుంది. చెప్పులు కొన్నా, బ్యాగు కొన్నా ఆ పొట్లాలు దాచుకోవడం ఆమెకో సరదా. ఇదేం పిచ్చి అని అడగాలని అతనికి చాలాసార్లు అనిపించింది. తన పిచ్చి అటక మీద పెట్టుకున్నవాడు ఎదుటివాళ్ల పిచ్చి గురించి ఏ మొహంతో అడుగుతాడు?

ఆ పెట్టెల్లో ఒక్క పుస్తకమైనా లేదు. అన్నీ వీడియో గేములే. బూడిదరంగు గేమ్ మెషీను, జాయ్‌స్టిక్కులు, క్యాసెట్లు, ఆ తర్వాతి కాలపు డిస్కులు. పుట్టినరోజుకు బట్టలొద్దని ఏడ్చి కొనిపించుకున్నవి కొన్ని. ఉద్యోగం వచ్చాక ఊరంతా గాలించి తెచ్చుకున్నవి కొన్ని.

పెళ్లికి ముందు మామగారు "అబ్బాయికి అలవాట్లేమైనా..." అని నసిగితే, అతని తల్లి టక్కున అందుకుంది. "ఒకప్పుడు ఆ ఆటల పిచ్చి ఉండేదండీ. అన్నీ అమ్మేశాడు." అమ్మ పరువు కోసం అతను తలూపాడు. ఆ తర్వాత నిజం చెబుదామనుకున్నప్పుడల్లా ఏదో సాకుతో వాయిదా వేశాడు. ఆలస్యమైన కొద్దీ అబద్ధం పెరిగి పెద్దదైంది.

అటక మీదే ఎందుకంటే, అక్కడ బల్లులుంటాయి. బల్లులంటే చచ్చేంత భయమని ఆమే చెప్పింది. ల్యాబులో పొద్దుటి షిఫ్టు చేసి మధ్యాహ్నానికే ఇల్లు చేరుతుంది. అతను ఆఫీసు నుంచి వచ్చేలోగా ఇల్లంతా అద్దంలా సర్దేస్తుంది. అటక జోలికి మాత్రం పోదు. ఆ ధీమాతోనే ఇన్నాళ్లూ హాయిగా నిద్రపోయాడు. ఒక్కటే బెంగ. ఆమె ఎదురుగా పెట్టెలు తెరవలేడు. జాయ్‌స్టిక్కుల్లో బ్యాటరీలు కారిపోయాయో, డిస్కులకు బూజు పట్టిందో!

సామాన్లు మోసే మేస్త్రీ మొదటి పెట్టె ఎత్తి మొహం చిట్లించాడు.

"పుస్తకాలంటే నడుం విరగాలి కదా సార్. ఇదేంటి, ఇంత తేలిగ్గా ఉంది?"

"నేను చదివింది అంతే."

భార్య పకపకా నవ్వింది. ఇంతలో పెట్టెలో ఏదో గలగలమంది.

"ఈ చప్పుడేంటి సార్?"

"అవి... పెన్నులు" అంటూ నీళ్లు నమిలాడు అకౌంటెంటు.

ఆమే కల్పించుకుంది. "ఏవైతేనేం, నిలువుగా పెట్టండి. పడుకోబెట్టకండి. పైన బరువులేమీ వద్దు. ఎండ తగిలే చోట అసలు పెట్టొద్దు."

మూడో పెట్టెను లారీ ఎక్కనివ్వనేలేదు. "లారీలో కుదుపులెక్కువ" అంటూ కారులో తన ఒళ్లో పెట్టుకుంది. చదువంటే ఎంత గౌరవం ఈ మనిషికి! అతనికి సిగ్గేసింది. ఇంత మంచిదానితోనా తను అబద్ధమాడింది? కొత్తింట్లో అడుగుపెట్టగానే నిజం చెప్పేయాలని ఒట్టు పెట్టుకున్నాడు. ఎంతైనా అకౌంటెంటు కదా, సగం దారిలోనే ఇంకో ఆలోచన వచ్చింది. ముందు అసలివి పనిచేస్తున్నాయో లేదో చూడాలి. పాడైపోయి ఉంటే చెప్పి మరీ చీవాట్లు తినడమెందుకు?

సాయంత్రం ఆమె బల్బులు కొనుక్కొస్తానని కొట్టుకు వెళ్లింది. అతను మూడో పెట్టె ముందు కూలబడ్డాడు. టేపు చెయ్యి వేయగానే ఊడొచ్చింది. పాత టేపు మరి.

లోపల బూజు లేదు, తేమ వాసన లేదు. డిస్కులు బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నాయి. మూలల్లో తెల్ల పొట్లాలు. బ్యాటరీలన్నీ తీసి విడిగా కవరులో చుట్టి ఉన్నాయి. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"అప్పట్లోనే ఎంత ముందుచూపురా నాది!" అని తన భుజం తనే తట్టుకున్నాడు.

ఇక ఆగడం అతని వల్ల కాలేదు. బూడిదరంగు మెషీనును టీవీకి తగిలించి, తీగ ఉన్న జాయ్‌స్టిక్కు అందుకున్నాడు. తనకిష్టమైన కోటల ఆట పెట్టాడు. కాలేజీ రోజుల నుంచీ నాలుగో కోట దాటింది లేదు. అక్కడ నిప్పులు కక్కే మొసలి ఉంటుంది. ఇవాళ కూడా అది యథాప్రకారం అతన్ని మింగేసింది. మళ్లీ వెళ్లాడు. మళ్లీ మింగింది.

వెనక సంచి కింద పెట్టిన చప్పుడైంది.

అతను తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. జాయ్‌స్టిక్కు దాచడానికి చోటు దొరకలేదు.

"అదీ... నేనే చెబుదామనుకుంటున్నా..."

ఆమె వచ్చి అతని పక్కనే చతికిలబడింది. చూపు మాత్రం టీవీ మీదే ఉంది.

"ఎడమ గోడకు ఆనుకుని, అది నోరు మూశాక దూకండి... మొన్న వేసవిలో నేను దాన్ని అలాగే చంపి ఆరో కోటలోకి వెళ్లాను."