అంగుళం తేడా

త్రినాథరావుకి ఇంట్లో కందిపప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియదు గానీ, పడవ నీళ్ళలో ఎంత మునుగుతుందో మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా చెబుతాడట. ఆర్ట్ డైరెక్టరు మొగుడి మీద లీలాకుమారి ఫిర్యాదు అది.

ఈ రోజు ఆ లెక్క అంగుళం తప్పింది. ఫిల్మ్‌నగర్ స్టూడియో నీళ్ళతొట్టిలో సినిమా కోసం కట్టిన కొత్త ఫైబర్ మోటారు యాట్, అదే షోకు పడవ. పార్టీ సీనులో నిలబడడానికి ఈ దంపతులతో సహా పన్నెండు మంది తెలిసినవాళ్ళు ఎక్కారు. అంతమందితో నీటిమట్టానికి ఆనాలని పడవకు గీసిన ఎర్రగీత కాస్తా అంగుళం లోపలికి పోయింది. అడుగున మోటారు తిప్పే ఫ్యాను తొట్టి నేలకు గీరుకుంది.

"ఫైబర్ పొర మందంగా పోశావు. లేదా ఎక్కడో కారుతోంది," అన్నాడు త్రినాథరావు, పడవ కట్టిన భిక్షంతో. "రేపట్నుంచి నువ్వూ, నీ మనుషులూ రావద్దు."

"జర అందర్ని దిగమనుండ్రి సార్."

దిగారు. భిక్షం నడుంలోతు నీళ్ళలోకి దిగి, పడవ ముందూ వెనకా స్కేలు ఆనించి చూశాడు.

"ఖాళీ పడవకు మీరు పెట్టిన గుర్తు కాడికే లేచింది. పొర మందమైనా, నీళ్ళు కారినా గిట్ల లేస్తదా?"

"మరి అంగుళం ఎక్కణ్ణుంచి వచ్చింది? అందరి బరువులూ మావాడు లాప్‌టాప్‌లో వేసి కూడాడు."

"కూడిక కరెక్టే నాన్నా," అన్నాడు నిఖిల్. మాదాపూర్ కంపెనీ ట్యాగు వాడి మెడలోనే ఉంది.

"తూకమేసిండ్రా సార్?"

"అడిగి రాసుకున్నాం. పెద్దింటి ఆడవాళ్ళను కాటా ఎక్కించమంటావా? మర్యాద ఉండద్దూ?"

"గా అంగుళం దిగాల్నంటే రెండు క్వింటాళ్ళు కావాలె. మోతీనగర్ల పాత ఇనుము దుకాణంల కాటా ఉన్నది. తెప్పియ్యాల్నా?"

సగం మందికి హఠాత్తుగా సెల్‌ఫోన్లు గుర్తొచ్చాయి. మిగతావాళ్ళు ఆకాశంలో మబ్బులు చూశారు. లీలాకుమారి చూపు భిక్షం చేతుల మీద ఆగింది. ఫైబర్ నూగు గుచ్చుకుని ఎర్రగా పొక్కిన చేతులు. రేపట్నుంచి వాటికి పని లేదు.

"నేను అరవై అని చెప్పాను," అంది మెల్లగా. "డెబ్భై ఎనిమిది."

తర్వాత ఎవరో "నాకో పదిహేను కలపండి" అన్నారు. ఇంకొకరు పన్నెండు అన్నారు. వరసగా పదకొండు మందీ ఒప్పుకున్నారు. నిఖిల్ అన్నీ కూడి తల గోక్కున్నాడు.

"ఇంకా ఇరవై రెండు కిలోలు తేలడం లేదు."

త్రినాథరావు కోటు గుండీ విప్పి, అంతసేపూ బిగబట్టిన పొట్టను వదిలాడు.

"అవి నావిరా. భిక్షం, పడవ బాగానే ఉంది. తప్పు నాది."