మట్టి పిల్లోడి చావు

ఊరిబిండి పచ్చడిలో ఉప్పు ఎక్కువైందని కదిరమ్మ సంగటి ముద్ద పక్కకు నెట్టింది.

"అనంతపురం కాలేజీలో చేరినాక నీ నాలిక మెత్తబడింది. మాకు సరిగ్గానే ఉండాది," అంది వదిన ఆంజినమ్మ.

ఆంజినమ్మకు నెలలు నిండాయి. ముందు రెండు కాన్పుల్లోనూ బిడ్డ దక్కలేదు. ఈసారి కాలు జారకుండా, మనసు బెదరకుండా చూసుకోమని ఆసుపత్రి నర్సమ్మ మరీ మరీ చెప్పింది. పుట్టింట్లో ఎవరూ లేరు. ఆ భారమంతా అత్త ఈశ్వరమ్మదే.

"ఉప్పు తినేది నువ్వు కాదులే వదినా, లోపలున్న మా అల్లుడు."

"వాణ్ణెందుకు లాగుతావు మధ్యలోకి? అత్తా, నువ్వే చెప్పు."

ఈశ్వరమ్మ ముద్ద నోట్లో పెట్టుకునేలోగా వాకిట్లోంచి కొండప్ప పిలిచాడు. ఆ ఏడు, ఎనభై నాలుగులోనూ, వానలు తప్పి శెనక్కాయ చేలు ఎండిపోయాయి. ఊళ్ళో మగవాళ్ళు చాలామంది బెంగళూరులో పునాదులు తవ్వే పనికి పోయారు. ఈశ్వరమ్మ కొడుకు తిప్పేస్వామి, కొండప్ప ఒకే మేస్త్రీ కింద పని.

లోపలికి రమ్మంటే కొండప్ప రాలేదు. మంచినీళ్ళు కూడా వద్దన్నాడు. కొట్టం పక్కన నిలబడి ఈశ్వరమ్మతో ఏదో మాట్లాడి వెళ్ళిపోయాడు.

ఆమె వచ్చి మళ్ళీ సంగటి తట్ట ముందు కూర్చుంది.

"ఏమన్నాడంటత్తా నీ కొడుకు?"

"పని ముగీలేదంట. మేస్త్రీ పంపడంట."

"బిడ్డ పుట్టేటప్పుడన్నా రాకపోతే ఎట్ల? వస్తే రానీ, లేకుంటే ఆడనే ఉండనీ!"

"అట్లనొద్దు," అని కసిరింది ఈశ్వరమ్మ.

"అది సరేగానీ, ఊరిబిండి ఎట్లుండాదమ్మా?" కదిరమ్మ వదల్లేదు.

ఈశ్వరమ్మ నమిలింది. "ఉప్పే వేయలేదు కదా."

వదినా మరదళ్ళు పడీపడీ నవ్వారు.

ఆ మధ్యాహ్నం ఊరు మట్టి పిల్లోడికి చావు చేస్తోంది. వానలు రానప్పుడు చేసే పని అది. మట్టితో పిల్లవాణ్ణి చేసి, కళ్ళకు శనగ గింజలు గుచ్చి, చిన్న పాడె మీద పడుకోబెడతారు. ఆడవాళ్ళు చుట్టూ చేరి ఏడుపు పాటలు పాడతారు. ఆ ఏడుపుకు ఆకాశం కరగాలి. చివరికి ఎండిన వంకలో పూడ్చి వస్తారు.

కడుపుతో ఉన్న మనిషిని ఇంట్లో పెట్టుకుని చావు ఏడుపేమిటని పొద్దున పిలవడానికి వచ్చిన ఓబమ్మను ఈశ్వరమ్మే తిట్టి పంపింది. ఇప్పుడు చెయ్యి కడుక్కుని, "నేనూ వస్తాండా పద," అని చూడ్డానికి బయలుదేరిన కూతురికంటే ముందు నడిచింది.

వంక దగ్గర ఏడుపు సగం, నవ్వులు సగం.

"ఓబక్కా, కన్నీళ్ళేవీ? ఉల్లిగడ్డ తెచ్చుకోకపోతివే!"

"మా ఆయన్ను తలుచుకుంటే వస్తాయిలే, ఉండు!"

అందరూ కలిసి మళ్ళీ పాట ఎత్తుకున్నారు. ఈశ్వరమ్మ ఆ గుంపులోంచి బయటికి వచ్చింది. పాడె పక్కన కూలబడి మట్టి పిల్లోణ్ణి ఒళ్ళోకి తీసుకుంది.

"మీ అమ్మను వచ్చినాను నాయనా! నీ మొగం కడసారి చూడనీయకపోతిరే! నా చేత్తో నీళ్ళు పోయనీయకపోతిరే! నన్ను ఎవరి చేతిలో పెట్టి పోయినావురా?"

నవ్వులు ఆగిపోయాయి. ఈశ్వరమ్మ ఒక్కొక్క మాట అడుగుతుంటే గుంపంతా ఒకే గొంతుతో ఆమెకు జవాబు పాడింది. పూడ్చే వేళకు మట్టి పిల్లోణ్ణి ఆమె చేతుల్లోంచి విడిపించడం కష్టమైంది.

తిరిగి వస్తుంటే కదిరమ్మ కాళ్ళు నేల మీద లేవు.

"అమ్మా, గ్రీసు దేశంలో మొదట నాటకాలే లేవంట. జాతరలో గుంపుగా చేరి పోయినోళ్ళ కతలు పాడేవాళ్ళంట. మేకపాట అని దానికి పేరు. ఒకసారి ఒకడు గుంపులోంచి బయటికొచ్చి, 'నేనే వాణ్ణి' అని మాట్లాడినాడంట. గుంపు జవాబు చెప్పిందంట. ఏడిపించే నాటకం అట్ల పుట్టిందని మా మేడమ్ చెప్తే నాకు తలకెక్కలేదు. ఈపొద్దు కండ్లారా చూసినా!"

"వాడు ఎవరి కోసం ఏడ్చినాడు?"

"వేషమే కదమ్మా. ఎవరి కోసమూ కాదు."

"ఎవరో ఒకరు ఉండింటారులే పాపా."

"బొమ్మ మొగం ఎదురుగానే పెట్టుకుని చూడనీయలేదని ఏడిస్తివే, ఆ మాట ఎట్ల తోచింది నీకు?"

"తోచింది. నేను ఏడ్చినానని మీ వదినకు చెప్పొద్దు. బెదురుతుంది."

ఇంటికి చేరేముందు ఈశ్వరమ్మ నీళ్ళ గాబు దగ్గర ఆగి మొహం కడుక్కుంది.

వాన రాలేదు. మబ్బులు లేచి ఉరవకొండ వైపు తేలిపోయాయి. గాజులు అమ్మే ఆమె వస్తే ఈశ్వరమ్మ కోడలి రెండు చేతులకూ నిండుగా గాజులు తొడిగించింది. "ఇన్నెందుకత్తా?" అంటే, "నన్ను చూడనీ," అంది.

ఆంజినమ్మకు కొడుకు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. పురుడు వెళ్ళిన రోజు ఇంట్లో పాయసం చేశారు. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ఆంజినమ్మ ఒళ్ళో పిల్లవాడు కడుపునిండా తాగి నిద్రపోతున్నాడు.

"వీనికి పేరేం పెడదాం వదినా?"

"ఇంకేముండాది? పోయినోళ్ళ పేరే కదా మన ఇంట్లో పెట్టేది. ఉన్నోళ్ళ పేరు పెడితే వాళ్ళకు ఆయుస్సు తగ్గుతుందంట. మామ పేరు పెడదాం, పెద్దన్న అని."

"మా అన్న వచ్చినాక ఆయన్నీ ఒక మాట అడగాల."

"వచ్చినప్పుడు కదా! రానీ, చెప్తా ఆయన పని," అని నవ్వింది ఆంజినమ్మ.

ఈశ్వరమ్మ గరిటె కింద పెట్టింది. నిద్రపోతున్న మనవణ్ణి మెల్లిగా కోడలి ఒళ్ళోంచి తన ఒళ్ళోకి తీసుకుంది.

"తాత పేరు వద్దమ్మా, వీనికి వీళ్ళ నాయన పేరు పెడదాం."