సముద్రతల్లి పిలుపు

"మళ్లీ కొలతలా? నిన్ననే కొలిచినావు గదా!"

సామ్రాజ్యం పంతులమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

నూర్‌బీ మస్తానమ్మ భుజం మీంచి టేపు వెనక్కి తీసుకుంది. "జాకెట్టు చెయ్యి బిగువైందేమోనని చూస్తా ఉండానమ్మా" అంది.

విడవలూరు బడిలో పిల్లల నాటకానికి బట్టలు కుట్టడానికి కావలి నుంచి వచ్చిన మనిషి ఆమె. పిల్లలందరికీ ఒక్కసారే కొలిచింది. మస్తానమ్మ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఏదో ఒక వంక. కొలిచి ఊరుకుంటుందా, జడ సర్దుతుంది, అన్నం తిన్నావా అని అడుగుతుంది.

నాటకం పంతులమ్మ సొంతంగా రాసింది. అలకు కొట్టుకొచ్చిన సముద్రం పిల్లను ఊళ్లో ఒక రైతమ్మ పెంచుతుంది. పిల్ల పెద్దదవుతుంది. చివర్లో తెర వెనక నుంచి సముద్రతల్లి "బిడ్డా, ఇంటికి రా" అని పిలుస్తుంది. పిల్ల రానని చెప్పి రైతమ్మ చెయ్యి పట్టుకోవాలి.

ఆ పిల్ల వేషం మస్తానమ్మది.

నాటకం రోజు సాయంత్రానికి బట్టలన్నీ అందాయి.

"ఇంక బయల్దేరు నూర్‌బీ. ఇది తప్పితే మళ్లీ రాత్రికి ఆఖరి బస్సే."

"నాటకం చూసి పోతానమ్మా, మీకు పుణ్యముంటాది. మస్తానమ్మను ఆ గుడ్డల్లో కంటినిండా ఒక్కసారి చూసుకుంటా."

"జనం కిటకిటలాడతా ఉంటే నీకు చోటెక్కడిది?" అని విసుక్కుంది పంతులమ్మ. తర్వాత మెత్తబడి, "సరే, తెర వెనక ఓ మూల కూర్చో. నోరు మాత్రం మెదపొద్దు" అంది.

నాటకం బాగానే సాగింది. తీరా చివరికొచ్చాక, సముద్రతల్లి గొంతు పలకాల్సిన చెంచులక్ష్మి జనాన్ని తొంగిచూసి బిగుసుకుపోయింది. పంతులమ్మ గిల్లినా పలకదే!

వేదిక మీద మస్తానమ్మ పిలుపు కోసం చూస్తూ నిలబడిపోయింది. జనం గుసగుసలు మొదలుపెట్టారు.

"ఇంటికి రావద్దులే నా తల్లీ..."

అది నూర్‌బీ గొంతు.

"ఒక్కసారి ఇట్టా తిరుగు. చూసుకుని పోతా."

మస్తానమ్మ తిరిగింది. చెప్పాల్సిన మాట మరిచిపోయి, తెరవైపు చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో దానికే తెలియదు. జనం కూడా కళ్లు తుడుచుకున్నారు.

చప్పట్లు ఆగకముందే పంతులమ్మ విరుచుకుపడింది.

"నిన్నెవరు పలకమన్నారు? నేను రాసిందొకటి, నువ్వన్నదొకటి! పో, ముందు బస్సుకు పో!"

నూర్‌బీ కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది.

కావలి బస్సు కదిలిపోయాక మస్తానమ్మ తల్లి పెంచలమ్మ జనాన్ని తోసుకుంటూ తెర వెనక్కి వచ్చింది.

"ఆ గొంతు నూర్‌బీదే! యాడుంది పంతులమ్మా?"

"ఇప్పుడే పంపించేసినాను. నీకు తెలుసా ఆమె?"

పెంచలమ్మ బస్సు పోయిన దిక్కుకు చూసింది.

"ముగ్గురు బిడ్డలు పోయినాక పుట్టింది నా మస్తానమ్మ. ఇదైనా దక్కాలని, ఆచారం కొద్దీ చేటెడు నూకలకు ఆమెకు అమ్మినాం. తిరిగి తెచ్చుకున్నాక, పిల్ల ఆమెనే అమ్మా అంటాదేమోనని భయమేసి, మళ్లీ మా గడప తొక్కొద్దని నేనే ఒట్టేయించుకున్నా. నాకు పాలు పడకపోతే, మూడేళ్లు తన పాలిచ్చి నా బిడ్డను బతికించిన తల్లి పంతులమ్మా ఆమె!"