గూడ్సు ఫొటోల ముసలాయన

ముసలాయన మళ్ళీ వచ్చాడు.

గేట్‌మ్యాన్‌కి ఒళ్ళు మండింది.

ఊరికి దూరంగా ఉన్న ఆ రైల్వే గేటు దగ్గర బండీ ఆగదు, మనిషీ ఆగడు. గూడ్సులు మాత్రం వెళుతూ ఉంటాయి. పగలైతే పచ్చజెండా, రాత్రయితే పచ్చదీపం పట్టుకుని, చివరి పెట్టె దాటేదాకా నిలబడడమే అతని ఉద్యోగం. పదహారేళ్ళుగా పలకరించే దిక్కు లేక, తనతో తనే మాట్లాడుకోవడం అలవాటైపోయింది.

అలాంటి చోటికి నెల రోజులుగా ఈయన మెడలో కెమెరా వేసుకుని వస్తున్నాడు. గూడ్సులో చూడ్డానికేముంది? బొగ్గు, సిమెంటు, తుప్పు. అయినా పగలూ రాత్రీ ఫొటోలే.

ఒకరోజు గదిలో కాసేపు కూర్చోవచ్చా అని అడిగాడు.

"బయటివాళ్ళని రానివ్వకూడదండీ," అన్నాడు గేట్‌మ్యాన్.

ముసలాయన తలూపి ఎండలోనే నిలబడ్డాడు.

తర్వాత గేట్‌మ్యాన్ ఒకటి గమనించాడు. సరిగ్గా తను దీపం ఎత్తినప్పుడే కెమెరా క్లిక్కుమంటోంది. గుండెల్లో రాయి పడింది. బద్ధకించి స్టూలు మీద కూర్చునే దీపం ఊపిన రాత్రులు కొన్ని ఉన్నాయి మరి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఈయన తన తప్పులు పట్టడానికి పైవాళ్ళు పంపిన మనిషేనని తేల్చేసుకున్నాడు.

ఎవరో అనుమానంగా తిరుగుతున్నారని స్టేషన్ మాస్టరుకి ఫోన్ చేశాడు. పోలీసులొచ్చి ముసలాయన్ని తీసుకెళ్ళారు. వెళుతూ ఆయన ఏదో చెప్పబోతే గేట్‌మ్యాన్ ముఖం తిప్పుకున్నాడు.

వారం తర్వాత గేట్‌మ్యాన్‌ని ఆఫీసుకి పిలిపించారు. పోలీసులు రావడానికి ముందు రాత్రి గేటు దగ్గర దీపమే లేదని ఒక గూడ్సు డ్రైవరు రాసిచ్చాడట. తను నిలబడ్డాడు. ఆ రాత్రి నిజంగానే నిలబడ్డాడు.

"చూసినవాళ్ళున్నారా?" అన్నాడు ఆఫీసరు. "లేకపోతే ఉద్యోగం పోతుంది."

చూసినవాడు ఒక్కడే, ఆ రాత్రి కూడా ఫొటో తీసిన ముసలాయన. ఆయన్ని తనే పోలీసులకి పట్టించాడు.

ముసలాయన్ని ఆ సాయంత్రమే వదిలేశారని పోలీస్ స్టేషన్‌లో తెలుసుకుని, అడ్రసు అడిగి, సిగ్గు చంపుకుని ఆయన ఇంటికి వెళ్ళాడు. కూతురు తలుపు తీసింది. అతన్ని చూడగానే గుర్తుపట్టినట్టు పక్కకి జరిగి లోపలికి రమ్మంది.

"నాన్న మొన్న పోయారండీ. గుండెపోటు."

అతను తలదించుకుని, ఆ రాత్రి ఫొటో సంగతి చెప్పాడు. ఆమె ఒక ఆల్బమ్ తెచ్చింది. ఆ రాత్రి ఫొటో దొరికింది, కింద తేదీ, టైముతో సహా. ఉద్యోగం నిలిచినట్టే.

మిగతా పేజీలు తిప్పాడు. అన్నిట్లోనూ గూడ్సు ఓ పక్కకి ఉంది. మధ్యలో ఉన్నది తను.

"నా ఫొటోలెందుకమ్మా ఆయనకి?"

"ఎన్నోసార్లు చెబుదామనుకున్నారు, మొహమాటం," అంది ఆమె. "మీ గేటు మీదుగా వెళ్ళే గూడ్సుల్లో పదేళ్ళు చివరిపెట్టెలో గార్డుగా ఒక్కరే వెళ్ళారండీ; చీకట్లో దీపం చూపించే మనిషి ముఖం ఒక్కసారన్నా చూడాలని, రిటైరయ్యాక మీ కోసమే వచ్చేవారు."